మడతల చెరసాల

ఖైదీ బయటపడుతుందా లేదా అన్నది ఆ శనివారం సాయంత్రం నాలుగూ ముప్పావుకి తేలింది. అంతవరకూ ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. ఒకరు ఆ చెరసాల కట్టిన పిల్ల. ఒకరు ఆ పిల్ల తల్లి. మూడో మనిషి పిన్ని. ముగ్గురిలోకీ ఎక్కువ ఆయాసపడింది పిన్నే. మూతపడ్డ గది అంటే ఆమెకి అసలు గిట్టదు.

పిన్ని దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా అదే వీధిలో, అదే కొట్టులో, అదే మిషను మీద కోట్లూ గౌన్లూ కుడుతోంది. ఆరేళ్ళ కిందట ఒక కోటు ఇచ్చి రావడానికి ఎవరింటికో అయిదో అంతస్తుకి వెళ్తుంటే, లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. గంటా ముప్పావు. లోపల పిన్ని, కోటు, సంచిలో సూదీ దారం. భయానికి చేతులు వణుకుతుంటే వాటికేదో పని చెప్పాలని, పూర్తిగా కుట్టేసిన కోటు అంచు మొత్తం విప్పేసి మళ్ళీ మొదటినించీ కుట్టింది. తలుపు తెరుచుకున్నాక కోటు అందుకున్న ఆయన, ఇంత నాజూకైన అంచు పనితనం ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. పిన్ని తల ఊపి మెట్లు దిగి వచ్చేసింది. మళ్ళీ ఇంతవరకూ లిఫ్టు ఎక్కలేదు. కొట్లో బట్టలు వేసి చూసుకునే మూలకి ఉన్న తలుపు కూడా ఊడబీకించి తెర కట్టించింది.

అలాంటి మనిషి కొట్టు వెనక గదిలో ఏణ్ణర్ధంగా ఒక చెరసాల లేస్తోంది. కట్టేది అక్క కూతురు.

ఆ పిల్లని అందరూ బొత్తాం అంటారు. మూడేళ్ళప్పుడు ఒక కోటు బొత్తాం మింగింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో పెద్ద నర్సు కాబట్టి కంగారు పడలేదు, రెండు రోజులు కనిపెట్టుకుని చూసి, బొత్తాం బయటికొచ్చాక శుభ్రంగా కడిగి చెల్లెలి చేతిలో పెట్టింది. పిన్ని దాన్ని అదే కోటుకి కుట్టేసింది. ఆ కోటు తొడుక్కున్నాయన ఈనాటికీ ఎరగడు.

అక్కకి డ్యూటీలు ఉన్నన్నాళ్ళూ బొత్తాం పెరిగింది పిన్ని కొట్లోనే. కత్తిరించే బల్ల కింద కూర్చుని ఒక పని చేసేది. కచ్చా కుట్లు విప్పడం. బట్ట కదలకుండా ముందు వదులుగా వేసే కుట్టు అది. అసలు కుట్టు పడ్డాక తీసి పారెయ్యాలి. పిన్ని దగ్గర దానికొక కట్టుబాటు ఉంది. బట్ట ఏ రంగుదైనా కచ్చా కుట్టు మాత్రం ఎర్ర దారంతోనే. తెల్ల చొక్కా మీదా ఎరుపే, నల్ల కోటు మీదా ఎరుపే. ఎర్ర బట్ట వస్తే ఆ ఒక్క రోజూ పసుపు. కళ్ళలో గుచ్చుకోవాలి, లేకపోతే మరిచిపోతామని ఆమె లెక్క. బొత్తాం ఆ ఎర్ర దారాలన్నీ ఒక రేకు డబ్బాలో దాచుకునేది.

పిన్ని కూడా ఒక్కసారి తప్పు చేసింది. దారం అయిపోయిన రోజున, బూడిదరంగు కోటుకి బూడిదరంగు దారంతోనే జేబుల మూతి మీద కచ్చా కుట్టు వేసింది. కోటు ఇచ్చే ముందు అది కంటికి ఆనలేదు. కోటు సంగీతం మాస్టారిది. ఆయన ఏడాదిపాటు తాళంచెవులు చేత్తో పట్టుకు తిరిగాడు. అడిగితే, ఈ మధ్య కోట్లకి జేబులు చూడ్డానికేనటగా అన్నాడట. ఆ కథ ఇంట్లో వెయ్యిసార్లు చెప్పుకుని నవ్వారు. బొత్తాం అయితే మాస్టారి నడక కూడా నటించి చూపించేది.

బొత్తాం చదువుకుని బీమా ఆఫీసులో కుదిరింది. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం నింపిన ఫారాలు కంప్యూటరులోకి ఎక్కించే పని. అక్క సంబరానికి అంతులేదు. ఒక ఆదివారం బొత్తాం కొట్టుకొచ్చి కూర్చుంది. పిన్ని ముందు బల్ల మీద చాలీచాలని బట్ట పరిచి ఉంది. కోటుకి రెండు చేతులు కత్తిరించాలి, ఒక్కదానికే చోటు కనిపిస్తోంది. పిన్ని బట్టని అటూ ఇటూ తిప్పి, ఏటవాలుగా ఒక మడత వేసింది. ఆ మూల ఈ మూల మీద వచ్చి వాలింది. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి అమిరాయి. అదే సమయానికి బట్ట మీద ఒక చీమ నడుస్తోంది.

బొత్తాం చాలాసేపు చీమని చూసి అడిగింది. "పిన్నీ, ఇది ఆ చివరికి పోవాలంటే ఎంతసేపు పడుతుంది?"

"మడత పెట్టకముందయితే గంట. ఇప్పుడయితే ఒక్క అడుగు."

అంతే. మరుసటి నెల బొత్తాం ఆఫీసు మానేసింది. కొట్టు వెనక గదిలో, గుడ్డపీలికల మూటల మధ్య కంప్యూటరు పెట్టుకుని, ఒక్కతే కూర్చుని ఆట తయారుచెయ్యడం మొదలుపెట్టింది. పెద్ద కంపెనీలు వందలమందిని పెట్టి చేసే ఆట కాదు. ఒక మనిషి, ఒక గది, ఒక బుర్ర.

ఆట ఏమిటో పిన్ని చెవుల వినడమే గాని కళ్ళతో చూడలేదు. భూమి అడుగున అయిదంతస్తుల చెరసాల అనగానే ఆమె మిషను వైపు తిరిగిపోయేది. చూడనంది. బొత్తాం మిషను పక్కన కూర్చుని నోటితో చెప్పేది. ఖైదీ చేతిలో కత్తి ఉండదు, మంత్రం ఉండదు, ఎవర్నీ కొట్టదు. చెరసాలలో ఒక్కో అంతస్తూ ఒక పరిచిన బట్ట. ఆడేవాళ్ళు ఆ బట్టని అంచు పట్టుకుని మడత పెట్టొచ్చు. మడతలో ఏ తలుపు ఏ తలుపు మీద వాలితే, ఖైదీ ఇందులోంచి అందులోకి అడుగు వేసేస్తుంది. అంతస్తుకి ఒకేసారి మూడే మడతలు. ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ మడిస్తే అక్కడ బట్ట నలిగి, పీచు లేచి, చిరుగుతుంది. చిరుగులోంచి పడితే కిందటి అంతస్తుకే. ఇదిలా ఉండగా జైలరు ఒకడు తిరుగుతుంటాడు. వాడి చేతిలో లాఠీ లేదు, ఇస్త్రీ పెట్టె ఉంది. వాడు నడిచిన చోటల్లా మడతలు సాపైపోతాయి. కాబట్టి వాడు వచ్చేలోగా దాటాలి.

పిన్నికి అందులో నచ్చినవాడు జైలరే. పనిమంతుడని మెచ్చుకుంది.

అక్కకి మాత్రం ఎవరూ నచ్చలేదు. నికరమైన కుర్చీ వదులుకుని గుడ్డపీలికల్లో కూర్చుందని కూతురి మీదా, చోటిచ్చి నెత్తినెక్కించుకుందని చెల్లెలి మీదా మండిపడింది. కూతురితో మాట్లాడితే పోట్లాట అవుతోందని, చెప్పదలుచుకున్నవన్నీ చెల్లెలితో చెప్పేది. చెల్లెలు వెనక గది తెర ఇటునించి అటు వెళ్ళి చెప్పేది. చివరికి అక్కే ఒక షరతు పెట్టింది. పెద్ద గ్రంథాలయం మూడో అంతస్తులో, ఇలా ఒంటరిగా తయారుచేసినవాళ్ళ ఆటలు ఎనిమిది పెడుతున్నారు. చిన్న ఆటల్ని విడుదల చేసే కంపెనీ నించి ఒకావిడ వచ్చి ఒక్కో ఆటా కూర్చుని ఆడి చూస్తుంది. ఆమె పుచ్చుకుంటే సరి. లేకపోతే సోమవారం పొద్దున బొత్తాం ఆఫీసుకి వెళ్ళాలి. ఆఫీసువాళ్ళు ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని, సోమవారం దాకా చూస్తామని కబురు చేశారు. పూచీ నాదని పిన్ని మాటిచ్చేసింది. ఇచ్చాక ఆ రాత్రంతా కక్కలేక మింగలేక ఉంది.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి బొత్తాం ఫోను చేసింది. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. పొద్దున్నించి ఇరవైమంది కూర్చున్నారట. నలుగురయిదుగురు ఆఖరి అంతస్తు దాకా చేరారట. అక్కడ ఆగిపోయారట.

"ఎవరూ బయటికి రావడం లేదు పిన్నీ."

శనివారం కొట్టుకి ఊపిరాడని రోజు. అయినా పిన్ని చేతిలో ఉన్న గౌను పూర్తిచేసి, తీసుకెళ్ళేవాళ్ళకి అప్పగించి, తలుపు మీద బోర్డు తిప్పేసింది. డబ్బాలో రొట్టె, రెండు అరటిపళ్ళు పెట్టుకుని బయల్దేరింది. గ్రంథాలయంలో లిఫ్టు పక్కనించి, దాని మొహం చూడకుండా, మెట్లెక్కింది. మూడో అంతస్తు చేరేసరికి రెండుంబావు.

హాల్లో ఎనిమిది బల్లలు. బొత్తాం బల్ల మీద రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి వచ్చినవాళ్ళు ఆడుకోవడానికి. రెండోదాంట్లో బొత్తాం తల దూర్చేసి ఉంది. జుట్టు రేగిపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి. మడతల లెక్క ఎక్కడో తప్పిందట. తలుపు మీద తలుపు సరిగ్గా వాలడం లేదేమో, వెంట్రుకవాసి తేడా వస్తోందేమో అని పొద్దున్నించి ఆ లెక్కలే తవ్వుతోందట. తిండి సంగతి ఎత్తితే వినిపించుకోలేదు. కంపెనీ ఆవిడ నాలుగింటికి వస్తుంది, వదిలెయ్యమంది.

పక్క బల్ల మీద ఓడల ఆట పెట్టిన గడ్డం ఆయన జాలిపడి ఒక సలహా ఇచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంటే జనం అటు తొంగి కూడా చూడరు, ఎవరో ఒకరు కూర్చోవాలి, మీరే కూర్చోండమ్మా అన్నాడు. పిన్ని అటూ ఇటూ చూసింది. కూర్చోడానికి తను తప్ప ఎవరూ లేరు. తప్పదనుకుని కొంగు దోపుకుని కూర్చుంది.

తెర మీద చీకటి. చీకట్లో ఒక గది. గదిలో ఖైదీ. చిన్న బొమ్మే గాని, మెడ మీద ముడి, ముడిలో గుచ్చిన పెన్సిలు. పిన్ని చెయ్యి తన ముడి మీదికి పోయింది. తన పెన్సిలు అక్కడే ఉంది.

లిఫ్టు ఆగిపోయిన రోజున, తోడొచ్చి మెట్లెక్కుతున్న బొత్తామే బయటినించి తలుపు సందుకి మూతి ఆనించి, గంటా ముప్పావు ఆగకుండా కబుర్లు చెప్పింది. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది పిన్నికి.  ముడి సవరించుకుని పని మొదలుపెట్టింది.

భయపడ్డంత లేదు. ఎంత చెరసాల అయినా బట్టే కదా. మిగతావాళ్ళు రాగానే మడతలు పెట్టెయ్యడం మొదలుపెడతారట. పిన్ని ముందు అంతస్తంతా అరచేత్తో నిమిరినట్టు అటునించి ఇటు చూసుకుంది. నేత ఎటు పోతోందో, అంచు ఎక్కడుందో కనుక్కుంది. ఆ తర్వాతే మడత పెట్టింది. మొదటి అంతస్తు ఒక్క మడతలో అయిపోయింది. రెండోదానికి రెండు. మూడోదాంట్లో జైలరు ఇస్త్రీ పెట్టె బుస్సుమంటూ వచ్చి, ఆమె కష్టపడి పెట్టిన మడత సాపు చేసి పోయాడు. పిన్నికి పౌరుషం వచ్చింది. మంచివాడనుకుంటే ఇదా నీ బుద్ధి, నా కొట్లో ఉండుంటే ఈపాటికి నీ పెట్టె లాక్కుని పంపేసేదాన్ని అని పైకే అంది. గడ్డం ఆయన తన ఓడలు వదిలేసి ఆమె కుర్చీ వెనక నించున్నాడు. ఇంకో ఇద్దరు చేరారు.

మూడున్నర కావస్తుండగా ఆఖరి అంతస్తుకి చేరింది.

ఆ అంతస్తు పెద్ద చదరపు బట్ట. ఖైదీ ఈ మూల, బయటి గేటు ఆ మూల. మధ్యలో దారి లేదు. పిన్ని నవ్వుకుంది. చేతిరుమాలు మూల మీద మూల వచ్చేలా ఏటవాలుగా మడిచినట్టు మడవడమే కదా. మడిచింది. గేటు వచ్చి ఖైదీ గది తలుపు మీద అంచుకి అంచు వాలింది. వెనకున్నవాళ్ళు ఆహా అన్నారు. ఖైదీ అడుగు వేసింది. వేసి, అక్కడే ఆగిపోయింది. మళ్ళీ వేసింది. తలుపు ముందు నించుని, గోడని భుజంతో పొడుస్తున్నట్టు ఊగుతోంది. కనబడే గోడ అయితే లేదు.

దూరంగా ఇస్త్రీ పెట్టె బుస్సుమంది. జైలరు వచ్చాడు, మడత పోయింది. పిన్ని రెండోసారి మడిచింది. అదే తంతు. మూడోసారికి మడత గీత మీద పీచు లేచింది. ఇంకొక్కసారి మడిస్తే చిరుగు ఖాయం.

 హాల్లో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, అయినా పిన్నికి గాలి చాలడం లేదు. ఆ పెన్సిలు ముడి బొమ్మ అలా గోడకి కొట్టుకుంటుంటే అరికాళ్ళ కింద లిఫ్టు నేల చల్లగా తగిలింది. చేతులు సూది కోసం సంచిలో వెతికాయి. సూది దొరికింది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.  అప్పుడు బుర్ర పనిచేసింది.

మడత సరిగ్గా ఉంది. అందులో అనుమానం లేదు, ముప్ఫై ఏళ్ళుగా మడుస్తున్న చేతులు. జేబు మూతి ఉన్నచోటే ఉంది. అయినా చెయ్యి లోపలికి పోవడం లేదు. చెయ్యి పోని జేబు ఆమెకి కొత్త కాదు.

"బొత్తాం, ఇటు చూడు."

మడత వెంట్రుకవాసి తప్పుతోంది పిన్నీ, అదే వెతుకుతున్నానని బొత్తాం తలెత్తకుండానే అంది.

"మడతలో తప్పు లేదే. ఇది సంగీతం మాస్టారి జేబు. దీని మూతికి కచ్చా కుట్టు వేసి తియ్యడం మరిచిపోయావు."

కీబోర్డు మీద బొత్తాం వేళ్ళు ఆగిపోయాయి.   ఒక్కసారిగా గుర్తొచ్చింది.

నాలుగు నెలల కిందటి మాట. మూడో అంతస్తు సరిచేస్తుంటే అక్కడ ఒక మడతలోంచి ఖైదీ జారిపోయి, తిన్నగా ఆఖరి గేటులోంచి బయటపడిపోయేది. పని మధ్యలో ఆట అయిపోయేది. పదిసార్లు అలా అయ్యాక విసుగొచ్చి, మూడో అంతస్తు బాగుపడేదాకా అని, ఆ గేటుకి కంటికి కనబడని గోడ ఒకటి అడ్డం పెట్టింది. తర్వాత తీసేద్దాం అనుకుంది. మూడో అంతస్తు బాగుపడింది, నాలుగోది వచ్చింది, ఆ సంగతి గాలికి పోయింది. తను పరీక్ష చేసేటప్పుడల్లా గోడల్లోంచి నడిచిపోయే వీలొకటి తనకోసం పెట్టుకుంది. అందుకని ఆ గోడ ఒక్కనాడూ తన భుజానికి తగల్లేదు. తగిలినవాళ్ళంతా పొద్దున్నించి ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళే.

"ఎర్ర దారం వెయ్యలేదు పిన్నీ," అంది. మెల్లగా, చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని తప్పు ఒప్పుకున్నట్టే అంది.

పిన్ని తిట్టలేదు. ఎంతసేపు పడుతుందని మాత్రం అడిగింది. వెతకడానికి అయిదు నిమిషాలు పట్టింది, తియ్యడానికి ఒక్క క్షణం. కంప్యూటరుకి రాసిన ఒకే ఒక్క వరుస అది. బొత్తాం దాన్ని తుడిచేసి, ఆఖరి అంతస్తు మళ్ళీ తెరిచి, కుర్చీ పిన్నివైపు తోసింది. తను చూడలేనంది. మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి చూసింది.

పిన్ని ఏటవాలుగా మడిచింది. గేటు వచ్చి వాలింది. ఖైదీ అడుగు వేసింది. ఈసారి కాలు లోపలికి పోయింది.

తెరంతా వెలుతురయింది. అయిదంతస్తుల మడతలూ ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటూ పోయాయి. ఆరుబయట గాలి వీస్తోంది. పెన్సిలు ముడి మనిషి తిరిగి చూసి, వంగి, ఆ చెరసాల మొత్తాన్ని రెండు కొసలు పట్టుకుని ఒక్క విదుపు విదిపి, శాలువాలా భుజాల మీద కప్పుకుని నడిచిపోయింది. వెనకాల ఖాళీ నేల మీద జైలరు ఒక్కడూ ఇస్త్రీ పెట్టె పట్టుకుని నించున్నాడు. చెయ్యడానికి వాడికిక పనేమీ లేదు.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్ళ కిందట లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు మొహానికి తగిలిన గాలే మళ్ళీ తగిలింది. సూది జాగ్రత్తగా సంచిలో పెట్టేసి, ఇప్పుడు తింటావా అని డబ్బా తీసింది. బొత్తాం నించునే సగం అరటిపండు మింగింది.

మిగతా సగం చేతిలో ఉండగానే కంపెనీ ఆవిడ వచ్చింది. చెప్పిన టైముకి అయిదు నిమిషాల ముందే. సన్నటి మనిషి, మాట పొదుపు. కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. మంచి అనదు, చెడు అనదు. మూడో అంతస్తులో జైలరు రెండుసార్లు సాపు చేసి పోతే నాలిక చప్పరించింది. అంతే. ఆటకి అరగంటే అన్నది, నాలుగున్నర దాటినా లేవలేదు. అవతలి బల్లవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు.

అప్పుడే అక్క వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్ళకి ఆసుపత్రి బూట్లు అలాగే ఉన్నాయి. చెల్లెలి పక్కన నించుంది. ఏమయిందని కళ్ళతోనే అడిగింది. పిన్ని ఆమె చెవిలో క్లుప్తంగా చెప్పింది. అక్క కూతురివైపు వంగి, గొంతు తగ్గించి అంది.

"పొద్దున్నించి ఏడుగురికి కుట్లు విప్పొచ్చానే నేను. నీకు ఒక్కటి విప్పడం గుర్తులేకపోయిందా?"

 తెర మీద ఆఖరి అంతస్తు వచ్చింది.

కంపెనీ ఆవిడ మడిచింది. ఖైదీ అడుగు వేసింది. వేసి, ఆగిపోయింది. గోడకి భుజం కొట్టుకుంది.

బొత్తాం మొహం పాలిపోయింది. తీసిన గోడ మళ్ళీ ఎలా వచ్చిందో అర్థం కాలేదు. అక్క చెయ్యి తనకి తెలీకుండానే కూతురి మణికట్టు పట్టుకుంది, నాడి చూస్తున్నట్టు. పిన్ని మాత్రం ముందుకి వంగి మడతని చూసింది. ఈసారి తప్పు నిజంగా మడతదే. ఏటవాలుగా మడవకుండా నిలువుగా మడిచింది ఆవిడ. గేటు వాలింది తలుపు మీద కాదు, పక్క గోడ మీద. చెబుదామని మాట పిన్ని నోటిదాకా వచ్చింది. గట్టిగా పెదవి కొరుక్కుని ఆగింది. ఒకరి బల్ల మీద బట్ట ఇంకొకరు మడవకూడదు.

ఇస్త్రీ పెట్టె బుస్సుమంది. మడత పోయింది. కంపెనీ ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, కాసేపు బట్టనే చూసింది. చూసి చూసి, కింది మూల పట్టుకుని ఏటవాలుగా లాగింది.

ఖైదీ బయటపడింది.

చెరసాల శాలువా అయి భుజాల మీద పడుతుంటే ఆవిడ నోరు విప్పింది. మొదట అన్నది ఒక్కటే, అరగంటలో అవుతుందనుకున్నాను అని. తర్వాత మడతల ఆలోచన ఎక్కడిదని అడిగింది. బొత్తాం పిన్నివైపు చెయ్యి చూపించింది. పొద్దున్నించి జరిగింది కూడా దాచకుండా చెప్పేసింది. కచ్చా కుట్టు, ఎర్ర దారం, మాస్టారి జేబు. మాస్టారి జేబు దగ్గర ఆవిడ నవ్వింది. నవ్వితే వేరే మనిషిలా ఉంది. ఈ ఆట మేం విడుదల చేస్తాం, సోమవారం మా ఆఫీసుకి రండి, మీ పిన్నిగారిని కూడా తీసుకురండి, మూడో అంతస్తు గురించి ఆవిడతో మాట్లాడాలి అంది. చెయ్యి కలిపి పక్క బల్లకి వెళ్ళిపోయింది. గడ్డం ఆయన పరిగెత్తుకెళ్ళి తన ఓడల ముందు కూర్చున్నాడు.

 ఏణ్ణర్ధంగా కూతురూ తల్లీ ఒకరి మొహం ఒకరు ఇంత దగ్గరగా చూసుకోలేదు. అక్క ఇంకా మణికట్టు వదల్లేదు.

"సోమవారం ఆఫీసుకి ఫోను నేనే చేస్తాను," అంది చివరికి. "ఆ కుర్చీ ఇంకెవరికన్నా ఇచ్చుకోమంటాను. నువ్వు చేస్తే మొహమాటపడతావు."

బొత్తాం తల్లి భుజం మీద తల వాల్చింది. ఏడ్చిందో నవ్విందో పిన్నికి వెనకనించి తెలియలేదు. పిన్ని అటు చూడకుండా మిగిలిన రొట్టె తుంచుకు తింది. పొద్దున్నించి తనూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎంత తేలిగ్గా దిగింది గొంతులోంచి.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. ఇంతమంది అంతసేపు ఏం చూశారో నేనూ చూస్తానని అక్క ఆ కుర్చీలో కూర్చుంది. మొదటి అంతస్తులోనే ఇరుక్కుపోయింది. ఏ మడత పెట్టినా జైలరు వచ్చి సాపు చేసిపోతున్నాడు. కూతురు చెబుతానంటే వద్దంది, చెల్లెలు చెబుతానంటే నోరు మూసుకోమంది. వీణ్ణి నా వార్డుకి బదిలీ చేయిస్తే దుప్పట్లయినా సాపుగా ఉంటాయని గొణిగింది. హాలు మూసే మనిషి వచ్చి తాళాలు ఆడించాడు. ఒక్క నిమిషం అంది. రెండోసారి వచ్చాడు. ఇంకొక్క నిమిషం అంది. రోగుల్ని చూసే టైము అయిపోయిందని ముప్ఫై ఏళ్ళుగా వచ్చిన చుట్టాలందరినీ తరిమిన మనిషి, మూడోసారికి కూడా లేవలేదు. ఆఖరికి పిన్నే కంప్యూటరు ఆపించింది.

బయటికొచ్చాక అక్క, కాళ్ళు లాగుతున్నాయని తిన్నగా లిఫ్టులోకి వెళ్ళి నించుంది. పిన్నిని కూడా రమ్మంది. అంత చెరసాలలోంచి బయటపడ్డ దానివి, మూడంతస్తుల లిఫ్టుకి భయమేమిటే అంది.

"అందులో మడత పెట్టే వీలుంది. దీంట్లో లేదు," అని పిన్ని మెట్లవైపు నడిచింది.

బొత్తాం కంప్యూటరు సంచి భుజాన వేసుకుని పిన్ని వెంట వచ్చింది. మొదటి మలుపులో పిన్ని ఆగి, సంచిలోంచి ఎర్ర దారం ఉండ తీసి, మూరెడు తెంపి, ఆ కంప్యూటరు సంచి పట్టీకి ముడివేసింది. బొత్తాం ముడిని చూసింది, పిన్నిని చూసింది. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగారు. కిందినించి అక్క కేక వినబడింది, మీరు వచ్చేలోగా నేను ఇంకో బొత్తాన్ని పెంచేలా ఉన్నానే అని. పిన్నికి నవ్వొచ్చింది. ఊపిరి నిండా తీసుకుని, కంగారేం లేదని అక్కకి కేకేసి, మిగతా మెట్లు తీరిగ్గా దిగింది.